నువ్వు ఏ వారం పుట్టావు? బర్మా జ్యోతిషాన్ని మన పంచాంగం పక్కన పెట్టి చూస్తే

రంగూన్‌లో ష్వేడగోన్ పగోడా మెట్లెక్కి పైకి వెళ్తే, ఆ బంగారు స్తూపం చుట్టూ ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది చిన్న మందిరాలు ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక బుద్ధుడి విగ్రహం, దాని దగ్గర ఒక జంతువు బొమ్మ, ముందు నీళ్ళ తొట్టి, చిన్న గిన్నెలు. వచ్చినవాళ్ళు ఏది ఖాళీగా ఉంటే దాని ముందు నిలబడరు. తమది ఎక్కడుందో వాళ్ళకి తెలుసు, నేరుగా అక్కడికే వెళ్ళి గిన్నెతో నీళ్ళు ముంచి విగ్రహం తల మీంచి పోస్తారు. చాలామంది తమ వయసు ఎంతో అన్ని గిన్నెలు, దాని మీద ఇంకొకటి.

తమది అంటే తాము పుట్టిన వారానిది. బర్మాలో మనిషికి పుట్టిన తేదీ కన్నా పుట్టిన వారం ముఖ్యం. పేరు దాన్ని బట్టి పెడతారు, పెళ్ళి సంబంధం దాన్ని బట్టి చూస్తారు, గుళ్ళో ఏ మూల నిలబడాలో కూడా అదే చెప్తుంది. మనకి నక్షత్రం ఎలాగో వాళ్ళకి వారం అలాగ. కాకపోతే మనలో సగం మందికి సొంత నక్షత్రం అమ్మనడిగితే గానీ తెలీదు, అక్కడ వారం మాత్రం పిల్లలకి కూడా నోటికి వచ్చి ఉంటుంది.

మరి వారాలు ఏడైతే మందిరాలు ఎనిమిది ఎందుకు? బర్మా జ్యోతిషంలో బుధవారం రెండు ముక్కలు. పొద్దున పుట్టినవాళ్ళు బుధుడి పిల్లలు, మధ్యాహ్నం పన్నెండు దాటాక పుట్టినవాళ్ళు రాహువు పిల్లలు. అలా ఏడు వారాల్లోంచి ఎనిమిది వచ్చాయి, ఎనిమిది దిక్కులకీ సరిపోయాయి. మన దగ్గర కూడా రాహువుకి కాలం ఉంది, కానీ రోజుకి గంటన్నర చొప్పున ప్రతిరోజూ పంచిపెట్టాం. వాళ్ళు వారంలో ఒక్క పూట ఇచ్చి అక్కడే కూర్చోబెట్టారు. ఇందులో నాకు ఆసక్తిగా అనిపించిన సంగతి ఇంకొకటుంది. మన లెక్కలో బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా. వాళ్ళ రాహువు కూడా సరిగ్గా బుధవారం పన్నెండుకే మొదలవుతాడు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నేను రుజువు చెయ్యలేను, అందుకే యాదృచ్ఛికం అనే అనుకుంటున్నాను. అయినా గడియారం ముల్లు ఒకే చోట ఆగడం చూస్తే మనసు ఊరుకోదు.

ముందు పట్టిక చెప్తాను, తర్వాత అసలు సంగతికి వస్తాను. ఆదివారం సూర్యుడిది, దిక్కు ఈశాన్యం, జంతువు గరుడుడు. సోమవారం చంద్రుడిది, తూర్పు, పులి. మంగళవారం కుజుడిది, ఆగ్నేయం, సింహం. బుధవారం ఉదయం బుధుడిది, దక్షిణం, దంతాలున్న ఏనుగు. బుధవారం మధ్యాహ్నం రాహువుది, వాయవ్యం, దంతాలు లేని ఏనుగు. గురువారం బృహస్పతిది, పడమర, ఎలుక. శుక్రవారం శుక్రుడిది, ఉత్తరం, గినీపిగ్. శనివారం శనిది, నైరుతి, నాగుపాము. తొమ్మిదో గ్రహం కేతువుకి వారం లేదు, అతని చోటు మధ్యలో. మన గుళ్ళలో నవగ్రహాలు నిలబడే దిక్కులకీ వీటికీ పొంతన కుదరదు, అది వెతకొద్దు.

ప్రతి వారానికీ కొన్ని అక్షరాలు కూడా ఉంటాయి. అచ్చులన్నీ ఆదివారానివి. క వర్గం సోమవారం, చ వర్గం మంగళవారం, త వర్గం శనివారం, ప వర్గం గురువారం. ల, వ బుధవారం ఉదయానికి, య, ర రాహువుకి. స, హ శుక్రవారానికి. బిడ్డ ఏ వారం పుడితే ఆ అక్షరంతో పేరు.

ఇక్కడ ఆగి, ఇంట్లో పంచాంగం ఉంటే తెరిచి వర్గుల పట్టిక చూడండి. తెలుగు పంచాంగాలు చూసే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. అ వర్గు గరుడ, క వర్గు మార్జాలం, చ వర్గు సింహం, ట వర్గు శునకం, త వర్గు సర్పం, ప వర్గు మూషికం, య వర్గు గజం, శ వర్గు మేషం. మా నాన్న ఒకసారి స్థలం కొనబోతే, ఇంటికొచ్చిన పెద్దాయన వేళ్ళ మీద లెక్కపెట్టి, "నీ పేరు ప వర్గు, ఎలుక. ఆ ఊరి పేరు క వర్గు, పిల్లి. ఐదో వర్గు శత్రువు నాయనా, వద్దు" అన్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఊరు పిల్లి ఎలా అవుతుందా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ స్థలం కొనలేదు.

ఇప్పుడు రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టండి. అచ్చులకి ఇక్కడా గరుడుడే, అక్కడా గరుడుడే. క వర్గానికి మనకి పిల్లి, వాళ్ళకి పులి. చ వర్గానికి రెండు చోట్లా సింహం. త వర్గానికి రెండు చోట్లా పాము. ప వర్గానికి రెండు చోట్లా ఎలుక. య, ర, ల, వలకి రెండు చోట్లా ఏనుగు. శ వర్గు దగ్గర మాత్రం మన మేషం పోయి గినీపిగ్ వచ్చింది. మిగిలింది ట వర్గు, మన శునకం. బర్మా భాషలో ట, ఠ, డ, ఢ ధ్వనులు లేవు, ఆ అక్షరాలు పాళీ మాటలు రాయడానికే వాడతారు, వాటినీ త, థ, ద లాగానే పలుకుతారు. ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లు లేనప్పుడు వాటికి ఒక జంతువెందుకు? కుక్క తప్పుకుంది. ఎనిమిది నిండాలి కాబట్టి ఏనుగు రెండయింది, ఒకటి దంతాలతో, ఒకటి దంతాలు లేకుండా. కుక్క పోయి ఏనుగు చీలిందన్న చివరి మాట నా ఊహ, కానీ అక్షరాలూ జంతువులూ ఇన్ని చోట్ల కలవడం మాత్రం ఊహ కాదు, ఎవరికి వాళ్ళు సరిచూసుకోవచ్చు.

బర్మా జ్యోతిషం గురించి వచ్చే రాతలు చదివినప్పుడల్లా నాకు కలిగే బాధ ఇదే. వాళ్ళని వింత మనుషుల్లా, అర్థం కాని మాయలో బతుకుతున్నవాళ్ళలా చూపిస్తారు. మనం కూడా అలాగే చదివి పక్కన పెడతాం. కానీ ఆ ఇంటి దూలాలన్నీ మనం పుట్టి పెరిగిన ఇంట్లోవే. జ్యోతిషాన్ని వాళ్ళు బేదిన్ అంటారు, మన వేదాంగమే ఆ మాట. జ్యోతిష్కుడు బేదిన్ సయా. తాటాకు మీద గంటంతో గీసి ఇచ్చే జాతకాన్ని జాతా అంటారు. మంగళవారం ఇంగా, అంగారకుడు. బుధవారం బొద్ధహూ. శనివారం సనే. బృహస్పతి కాస్త నలిగి చాతబదే అయ్యాడు, శుక్రుడు తావ్‌చా అయ్యాడు. ఈ లెక్క మొత్తానికి మహాబొట్ అని పేరు, మహాభూత అన్న మాట అది.

పేర్ల సంగతి చూస్తే ఇదెంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది. బర్మీయులకి ఇంటిపేరు లేదు. తండ్రి పేరు బిడ్డకి రానక్కర్లేదు, భార్య పేరు మారదు. ఊ అంటే గారు లాంటి మర్యాద మాట, ఆడవాళ్ళకి డా. ఇంటిపేరు లేని చోట మనిషి పేరులో అందరికీ అర్థమయ్యే గుర్తు పుట్టిన వారమే. 1961 నుంచి 1971 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ 1909 జనవరి 22న పుట్టాడు. క్యాలెండర్ తిప్పి చూడండి, శుక్రవారం. ఆయన పేరు మొదట రాసేది స, పలికేది థ లాగా. స ని అలా పలకడం వాళ్ళ అలవాటు, శుక్రుడు తావ్‌చా అయింది కూడా అందుకే. స శుక్రవారానిది, సరిపోయింది. స్వతంత్ర బర్మా మొదటి ప్రధాని ఊ నూ 1907 మే 25న పుట్టాడు, శనివారం. న అక్షరం త వర్గం, సర్పం, సరిపోయింది. శనివారం పుట్టిన మగపిల్లలు దుడుకువాళ్ళని, ఇంటికి అరిష్టమని అక్కడ ఒక నమ్మకం ఉంది. ఊ నూ తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు తెలుగులో చెప్పాలంటే 'శనివారపు కొడుకు'. ఒక దేశ ప్రధాని తన బతుకు మొత్తానికి తను పుట్టిన వారం పేరు పెట్టుకున్నాడంటే ఆలోచించండి.

స్వాతంత్ర్య యోధుడు ఆంగ్ సాన్ కూడా శనివారమే, 1915 ఫిబ్రవరి 13. చిన్నప్పుడు పెట్టిన పేరు థెయిన్ లిన్, థ త వర్గమే కాబట్టి సరిపోయింది. తర్వాత అన్న ఆంగ్ తాన్ పేరుకి ప్రాస కలిసేలా మార్చుకున్నాడు. ఆయన కూతురు సూచీ 1945 జూన్ 19, మంగళవారం. ఆమె పేరులో ఆంగ్ సాన్ తండ్రిది, సూ నానమ్మది, చీ అమ్మది. ఆ సూ అన్నది రాతలో చ వర్గం, మంగళవారపు అక్షరం. ఇలా అందరికీ కుదురుతుందని అనుకోవద్దు. ఒకప్పటి సైనిక పాలకుడు తాన్ ష్వే గురువారం పుట్టాడు, పేరు మాత్రం శుక్రవారపు అక్షరంతో మొదలవుతుంది. మనలో నక్షత్ర పాదం అక్షరం చూసి పేరు పెట్టేవాళ్ళూ ఉన్నారు, తాతగారి పేరు చాలు అనుకునేవాళ్ళూ ఉన్నారు, అక్కడా అంతే.

ఇప్పుడు లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. బర్మా శకానికి సాధారణ సంవత్సరంలోంచి 638 తీసెయ్యాలి, ఏప్రిల్ మధ్యలో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు పుట్టినవాళ్ళయితే 639. ఒకరు 1990 జులై 5న పుట్టారనుకోండి. 1990 లోంచి 638 తీస్తే 1352. ఆ రోజు గురువారం. వారాలకి అంకెలు శనివారం సున్నా, ఆదివారం ఒకటి అలా వేస్తారు కాబట్టి గురువారం ఐదు. 1352 లోంచి 5 తీస్తే 1347, దాన్ని ఏడుతో భాగిస్తే శేషం 3. శేషం సున్నా అయితే బింగ, ఒకటి అథూన్, రెండు యాజ, మూడు అధిపతి, నాలుగు మరణ, ఐదు థైక్, ఆరు పుతి. మన ఉదాహరణ మనిషి అధిపతి ఇంట్లో పడ్డాడు, నాయకుడి స్వభావం అంటారు. ఆ మాటలు మళ్ళీ చదవండి. బింగ అంటే భంగ, నిలకడ లేనిది. యాజ అంటే రాజ. మరణ, అధిపతి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. పుతి అంటే కుళ్ళినది, రోగం, మన పూతి. అథూన్ పేరు ప్రతిష్ఠలు, థైక్ నిధి.

చూశారుగా, కాగితం మీద రెండు నిమిషాల పని. లగ్నం అక్కర్లేదు, నిమిషాలతో సహా పుట్టిన వేళ అక్కర్లేదు, ఊరి అక్షాంశం అక్కర్లేదు. సరైన జాతా రాయించుకోవాలంటే అవన్నీ కావాలి, పెద్ద సయాలు గ్రహగతులు అన్నీ చూస్తారు. కానీ మామూలు మనిషికి ఏడుతో భాగించడం వస్తే చాలు. అందుకే ఇది పండితుల దగ్గర ఆగిపోకుండా వంటింటి దాకా వచ్చిందని నేననుకుంటున్నాను. టీ కొట్టు దగ్గర ఇద్దరు కూర్చుని కొత్తగా పరిచయమైన మూడో మనిషి ఏ వారమో తెలుసుకుని, శుక్రవారం కదా, అందుకే అంత మాటకారి అనుకోవచ్చు. బుధవారం వాళ్ళకి కోపం చప్పున వచ్చి చప్పున పోతుందంటారు, గురువారం వాళ్ళు నెమ్మదస్తులు. శుక్రవారానికీ సోమవారానికీ పెళ్ళి పొసగదంటారు. మన ఇళ్ళలో ఆశ్లేష కోడలు అత్తకి పడదు అన్నట్టే. ఈ రెండు మాటలూ ఆడపిల్లలకి చేసిన అన్యాయం ఒకటే అని నాకనిపిస్తుంది, దాని గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

రోజువారీ బతుకులో ఇంకా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. సోమవారం, శుక్రవారం, తను పుట్టిన వారం జుట్టు కత్తిరించుకోకూడదు. మనకి మంగళవారం లాగ. గోడ క్యాలెండర్‌లో మంచి రోజుల పక్కన యెత్‌యాజా అని, చెడ్డ రోజుల పక్కన ప్యాథడా అని అచ్చు వేసి ఉంటుంది, కొట్టు తెరవాలన్నా ఇల్లు మారాలన్నా అది చూస్తారు. మన క్యాలెండర్‌లో వర్జ్యం, దుర్ముహూర్తం చూసినట్టే. బౌద్ధుల వర్షావాసం, అంటే జులై నుంచి అక్టోబర్ దాకా మూడు నెలలు పెళ్ళిళ్ళు ఉండవు. ఆషాఢమూ మూఢమూ వస్తే ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఉండే మనకి ఇది వివరించాల్సిన పని లేదు. కొత్త సంవత్సరం పేరు తింజాన్, సంక్రాంతి అన్న మాటే అలా అయ్యింది, ఇక్కడా మొదటి స వాళ్ళ నోట్లో మారింది. సూర్యుడు మేషంలోకి వచ్చే రోజులవి, ఊరంతా నీళ్ళు చల్లుకుంటారు. ఆ సమయంలో ఆ ఏడాది వానలెలా ఉంటాయి, పంటలెలా ఉంటాయి, ఏలేవాళ్ళకి ఎలా ఉంటుంది అని చెప్పే తింజాన్ చా అని ఒక పత్రం వస్తుంది. ఉగాది నాడు పంతులుగారు ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుతుంటే విన్నవాళ్ళకి అది ఏమిటో వెంటనే తెలిసిపోతుంది. పాత రాజుల కాలంలో ఈ పనులన్నీ చూసింది ఆస్థాన బ్రాహ్మణులు, పొణ్ణా అనేవాళ్ళు. వాళ్ళలో చాలామంది పద్దెనిమిదో శతాబ్దంలో మణిపూర్ నుంచి తీసుకొచ్చినవాళ్ళ వంశం.

మీరు ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వాళ్ళు బౌద్ధులు కదా, కర్మని నమ్మేవాళ్ళు కదా, గ్రహాలతో ఏం పని? నిజమే, బుద్ధుడి బోధల సంపుటం దీఘనికాయంలో మొదటిదైన బ్రహ్మజాల సుత్తంలో జోస్యాలు చెప్పి బతకడం భిక్షువుకి తగిన పని కాదని స్పష్టంగా ఉంది. అయినా అక్కడ జ్యోతిషం చెప్పే భిక్షువులు ఉన్నారు. ఈ చిక్కుముడిని జనం తమకు తోచిన పద్ధతిలో విప్పుకున్నారు. గ్రహం ఫలితాన్ని ఇవ్వదు, ఇచ్చేది నువ్వు చేసిన కర్మే, గ్రహం ఆ ఫలితం ఎప్పుడు వస్తుందో చూపించే గడియారం లాంటిది. గడియారం చెడు వేళ చూపిస్తే ఇంకాస్త పుణ్యం చేసి దాన్ని తేలిక చేసుకోవచ్చు. ఆ చేసే పని పేరు యదయా. మన శాంతి, పరిహారం.

యదయా అంటే వినగానే మంత్రాలూ క్షుద్రపూజలూ అనుకోకండి. ఎక్కువ భాగం సాదా సీదా పనులే. వయసు లెక్కన కొవ్వొత్తులు వెలిగించడం, అమ్మకానికి పెట్టిన చేపలు కొని చెరువులో వదలడం, పిట్టల్ని ఎగరెయ్యడం, తన వారపు దిక్కులో నీళ్ళు పోయడం, థబ్యే రెమ్మలు కుండీలో పెట్టి బుద్ధుడి ముందు ఉంచడం. థబ్యే మన నేరేడు జాతి చెట్టే, దాని ఆకు గెలుపుకి గుర్తు. ఇంకాస్త కష్టం వస్తే తొమ్మిది దేవుళ్ళ పూజ అని ఇంట్లో చేయిస్తారు, మధ్యలో బుద్ధుడు, చుట్టూ ఎనిమిది మంది అర్హంతులు, అంటే నిర్వాణం అందుకున్న శిష్యులు, వాళ్ళతోపాటు గ్రహాలు. బర్మాలో తొమ్మిది అంకెకి బలం ఉందని ఎందుకు నమ్ముతారో ఇక్కడ తెలుస్తుంది. రంగూన్ నడిబొడ్డున సూలే పగోడా చుట్టూ చిన్న చిన్న గదుల్లో సయాలు కూర్చుని ఉంటారు, పరీక్ష రాసే పిల్లవాడి దగ్గర్నుంచి సింగపూర్ ఉద్యోగం కోసం ఏజెంటుకి డబ్బు కట్టిన అమ్మాయి దాకా వస్తారు. డబ్బు ఎక్కడ కట్టాలో చెప్పే ప్రభుత్వ ఆఫీసు, కోపం వస్తే వినే కోర్టు, జబ్బు చేస్తే నమ్మే ఆస్పత్రి అందుబాటులో లేని మనిషికి ఒక గంటసేపు టెన్షన్ దించుకునే చోటు అది. నేను దాన్ని తప్పు పట్టలేను.

తప్పు పట్టాల్సింది ఇంకో చోట ఉంది. అదే నమ్మకం, తుపాకీ ఉన్నవాడి చేతిలో పడితే.

బర్మా స్వాతంత్ర్యమే ముహూర్తం చూసి వచ్చింది. 1948 జనవరి 4, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలు. అది జ్యోతిష్కులు పెట్టిన వేళ. అందులో ఎవరికీ నష్టం లేదు, చలికాలం చీకట్లో లేచి జెండా ఎక్కించారు, అంతే. 1962లో అధికారం లాక్కున్న జనరల్ నే విన్ కాలంలో సంగతి మారింది. 1970 డిసెంబర్ 6న దేశమంతా ఎడమ వైపు నడిచే బళ్ళని కుడి వైపుకి మార్చేశారు. ఎవరో సయా చెప్పాడని జనం అనుకున్నారు, ఇంగ్లీషువాళ్ళ గుర్తు చెరపడానికని కొందరన్నారు. కారణం ఏదైనా బళ్ళు పాతవే. ఎడమ నడకకి చేసిన బస్సుకి తలుపు ఎడమ పక్కనే ఉంటుంది, రోడ్డు కుడి అయ్యేసరికి ఆ తలుపు నడిరోడ్డు మీదకి తెరుచుకుంటుంది. పిల్లని చంకనెత్తుకున్న తల్లి బస్సు దిగితే ఎదురుగా వచ్చే బళ్ళ మధ్యలో దిగినట్టే.

1987 సెప్టెంబర్ 5న 25, 35, 75 చాట్ (మనకి రూపాయి ఎలాగో వాళ్ళకి చాట్ అలాగ) నోట్లు చెల్లవని ప్రకటించారు. బదులు నోట్లు ఇవ్వలేదు. చలామణీలో ఉన్న డబ్బులో సగానికి పైగా ఆ పూటతో చిత్తు కాగితం. మనం 2016లో బ్యాంకు ముందు క్యూలో నిలబడ్డాం, వాళ్ళకి నిలబడడానికి క్యూ కూడా లేదు. ఆ నెలలోనే 45, 90 చాట్ నోట్లు వచ్చాయి. రెండూ తొమ్మిదితో పోయేవే, రెండింటిలో అంకెలు కలిపినా తొమ్మిదే, నే విన్‌కి తొమ్మిది కలిసొచ్చే అంకె. ప్రపంచం ఆ నోట్ల బొమ్మలు చూసి ఆశ్చర్యపోయి వదిలేసింది. కానీ రెండేళ్ళ ముందు, 1985లో కూడా ఇలాగే నోట్లు రద్దు చేశారు, అప్పుడు 50, 100 నోట్లు పోయాయి. ప్రభుత్వం చెప్పిన కారణం నల్లబజారు. అంటే ఇది ఒక్క తొమ్మిది మీద పిచ్చితో జరిగిన పని కాదు, లెక్క అడిగేవాడు లేని పాలనలో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుంటే చేసిన పని, తొమ్మిది దానికి ఆకారం ఇచ్చింది. జ్యోతిషం వల్ల దేశం పాడైందని రాసేవాళ్ళతో నేను ఏకీభవించనిది అందుకే. ముహూర్తం పెట్టించుకునే మంత్రులు మనకీ ఉన్నారు, కానీ మన దగ్గర ఎన్నికలు ఉన్నాయి, పేపర్లు ఉన్నాయి, కోర్టుకెళ్ళే మొండివాళ్ళు ఉన్నారు. అక్కడ సయా మాటకీ జనం జేబుకీ మధ్య అడ్డం నిలబడేది ఏదీ లేదు. నోట్లు రద్దయిన రోజే రంగూన్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు రోడ్డెక్కారు. మరుసటి ఏడాది దేశవ్యాప్త తిరుగుబాటుకి వాళ్ళు ఎంచుకున్న రోజు 8-8-88, నాలుగు ఎనిమిదులు. సెప్టెంబర్ 18న సైన్యం మళ్ళీ అధికారం తీసుకుంది, తొమ్మిదో నెల, ఒకటీ ఎనిమిదీ కలిపితే తొమ్మిది.

తాన్ ష్వే కాలంలో రాజధానినే మార్చారు. 2005 నవంబర్ 6 పొద్దున 6 గంటల 37 నిమిషాలకి రంగూన్ నుంచి లారీలు బయల్దేరాయి, కొత్త ఊరు నేపిడాకి. ఉద్యోగులకి సరిగ్గా చెప్పను కూడా లేదు. 2010 అక్టోబర్‌లో జెండా మార్చినప్పుడు, పాత జెండా మంగళవారం పుట్టినవాళ్ళు దించాలని, కొత్తది బుధవారం పుట్టినవాళ్ళు ఎక్కించాలని ఆదేశం వచ్చిందని అప్పట్లో వార్తలొచ్చాయి. 2011లో ఒక ప్రభుత్వ విందుకి జనరల్స్ ఆడవాళ్ళు కట్టుకునే రకం లుంగీలు కట్టుకుని వచ్చారు. ఒక ఆడమనిషి ఏలుతుందన్న జోస్యాన్ని ముందే తీర్చేసుకోవడానికి చేసిన యదయా అని ఊరంతా చెప్పుకుంది.

జనం మాత్రం ఆ పాఠం బాగా నేర్చుకున్నారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంటే, రంగూన్ వీధుల్లో ఆడవాళ్ళు తమ లుంగీలు తాడు మీద ఆరేసి వీధికి అడ్డంగా కట్టారు. ఆడవాళ్ళ లుంగీ కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు (బర్మా మాటలో 'ఫోన్') పోతుందని పాత నమ్మకం. సైనికులు వీధి మొదట్లో ఆగి, ఒకడు లారీ ఎక్కి ఆ తాడు దించాల్సి వచ్చింది. ఇది వారాల జ్యోతిషం కాదు, దాని పక్కింటి నమ్మకం, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. తమని కిందకి తొక్కిన నమ్మకాన్నే ఆడవాళ్ళు గోడగా నిలబెట్టి, పిల్లలు పారిపోవడానికి కొన్ని నిమిషాలు సంపాదించారు.

2025 మార్చి 28 భూకంపం తర్వాత ఇంకొకటి జరిగింది. ఏప్రిల్‌లో మళ్ళీ పెద్ద భూకంపం వస్తుందని టిక్‌టాక్‌లో ఒకతను జోస్యం చెప్తే, జనం ఇళ్ళలో పడుకోకుండా బయట గడిపారు. చెప్పిన రోజున ఏమీ రాలేదు. ప్రభుత్వం అతన్ని అరెస్టు చేసింది. అప్పటికే వేలమంది పోయి, గోడలు బీటలువారి ఉన్నాయి, మళ్ళీ ఊగితే ఎక్కడికి పోవాలో చెప్పేవాడు లేడు. ఆ రాత్రి ఫోన్‌లో ఎవరో ఒక తేదీ చెప్తే నమ్మడం నాకు వింతగా లేదు.

మన ఉత్తరాంధ్ర వాళ్ళకి బర్మా దూరం దేశం కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే బర్మీయులు తెలుగువాళ్ళని కోరింగీలు అనేవాళ్ళు. రంగూన్ రేవులో మూటలు మోసిన వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ, 1930 మే నెలలో అక్కడ జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. తిరిగొచ్చినవాళ్ళ పేరుతో విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది.

ఈ పట్టికలన్నీ రాసుకుంటూ నా వారం దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. నేను బుధవారం పుట్టాను. ఏ పూటో తెలీకపోతే ఏ ఏనుగో, ఏ దిక్కో తేలదు. అమ్మకి ఫోన్ చేసి ఎన్ని గంటలకి పుట్టాను అని అడిగాను. గంట గుర్తులేదురా అంది. కాసేపాగి, "నొప్పులు పన్నెండుకే ఎక్కువయ్యాయి, మీ అమ్మమ్మ గోడ గడియారం కేసి చూస్తూ దండం పెట్టుకుంటూ కూర్చుంది. రాహుకాలం వెళ్ళిపోయాకే పుట్టావు, అప్పుడు గానీ ఆవిడ మంచినీళ్ళు తాగలేదు" అంది.

అంటే ఒకటిన్నర దాటింది. ష్వేడగోన్‌లో నా మందిరం వాయవ్యాన, దంతాలు లేని ఏనుగు దగ్గర, రాహువుది.